ఉగాది రాత్రి తోకచుక్క

1986 మార్చిలో మా వేటపాలెంలో హేలీ తోకచుక్కను అందరికన్నా ముందు చూసింది మగ్గం వాళ్లు. పడుగుకు గంజి పెట్టే పని ఎండ పొడ తగలకముందే మొదలుపెట్టాలి. ఎండెక్కితే గంజి ఒక్కసారిగా ఆరిపోయి పోగులు పెళుసెక్కుతాయి, పుటుక్కున తెగుతాయి. అందుకని కోడి కూయకముందే మా వీధి లేచేది. వీధి పొడవునా పడుగు చాపి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచెలతో దువ్వుతుంటే, దక్షిణం వైపు మొహం పెట్టిన మనిషికి ఆగ్నేయంలో కొత్త మసకొకటి కనిపించింది. ఊళ్లో పెద్దలు పేపర్లు తిరగేస్తూ అది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తుంటే, వీళ్లు తాపీగా "నాలుగైదు రోజుల్నించీ ఉందిగా, ఎవరింటి పొగో అనుకున్నాం" అన్నారు.

ఆ మాట విన్న నాయనమ్మ మర్నాడు తెల్లవారుజామున నన్ను తట్టి లేపింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. కళ్లు నులుముకుంటూ వీధిలోకొచ్చి చూస్తే, జీడిమామిడి చెట్ల మీదుగా, తడి చేత్తో పలక తుడిస్తే మిగిలే సుద్ద మరకలాంటిదొకటి ఏటవాలుగా కనబడింది. సూటిగా చూస్తే మాయమయ్యేది. కాస్త పక్కకు చూస్తే మళ్లీ వచ్చేది. మసక వెలుగును కంటి నడిమి భాగం కన్నా అంచులే బాగా పట్టుకుంటాయని తర్వాత మా సైన్సు మాస్టారు చెప్పారు గాని, గంజి కుంచె పట్టుకున్న పెద్దాయన ఆ పూటే చెప్పాడు: "దాన్నే చూడమాక, దాని పక్కన చూడు."

వేటపాలెం తెలియనివాళ్ల కోసం ఒక మాట. చీరాలను ఆనుకుని ఉన్న ఊరు. అప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. తూర్పున సముద్రం, ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేల, ఆ ఇసుకలో జీడితోటలు. నేతకూ, జీడిపప్పుకూ, సారస్వత నికేతనానికీ పేరు. ఆ గ్రంథాలయం 1918లో పుట్టింది. 1929లో దాని భవనానికి శంకుస్థాపన చేసింది గాంధీగారు. ఎప్పటెప్పటి పత్రికలో అక్కడ దొంతర్లుగా ఉంటాయి. మా మామయ్య సాయంత్రం పని దిగగానే నేరుగా అక్కడికే పోయేవాడు, తోకలా నేనూ.

ఆ ఏడాది అక్కడ బల్ల మీద ఏ పత్రిక తీసినా హేలీయే. చిత్రకారులు సగం పేజీ అడ్డంగా తోక గీసేవాళ్లు, ఇళ్ల కప్పులకు నిప్పంటుకుంటుందేమో అనిపించేలా. ఆ బొమ్మలే జనానికి ద్రోహం చేశాయని నా అభిప్రాయం. ఆకాశంలో ఉన్నది తక్కువేం కాదు, కాగితం మీద గీసిందే ఎక్కువ. జనవరి 28న చాలెంజర్ నౌక పేలిపోయినప్పుడు, అందులో హేలీని చూడ్డానికి సిద్ధం చేసిన చిన్న ఉపగ్రహం కూడా పోయింది. మార్చిలో రష్యావాళ్ల వేగా నౌకలు రెండూ, యూరప్‌వాళ్ల జొత్తో నౌకా దాని దగ్గరకు పోయాయి. జొత్తో అయితే దాదాపు 600 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లింది. తోకంతా పుట్టుకొచ్చే ఆ గడ్డ పొడవు 15 కిలోమీటర్లేనట. పడిన వెలుతురులో నూటికి నాలుగు పాళ్లు మాత్రమే తిప్పి పంపేంత నలుపట. బొగ్గు కన్నా నల్లటిది ఆకాశంలో అంత వెలుగు ఎట్లా ఇస్తుందని మామయ్యను అడిగితే, ఎండకు మంచు ఆవిరై, దానితో లేచిన దుమ్ము మీద ఎండ పడుతుందని చెప్పాడు. ఇప్పటికీ అంతకన్నా సులువుగా నేనెవరికీ చెప్పలేకపోయాను.

హేలీ కథ కూడా మామయ్య చెప్పిందే. దాన్ని కనిపెట్టింది హేలీ కాదు. 1531లో, 1607లో, 1682లో వచ్చినవి మూడూ ఒకటేనని లెక్కగట్టి, 1758లో మళ్లీ వస్తుందని చెప్పినవాడు హేలీ. చెప్పినవాడు 1742లో పోయాడు. 1758 క్రిస్మస్ రాత్రి దాన్ని మొదట చూసింది పెద్ద వేధశాలల పండితులు కారు, జర్మనీలో సాక్సనీ ప్రాంతపు రైతు యోహాన్ పాలిచ్. పగలు పొలం, రాత్రి ఆకాశం ఆయన పని. ఈ ముక్క చెప్పినప్పుడల్లా మామయ్య మా వీధి నేతగాళ్లను తలుచుకుని నవ్వేవాడు.

మా వీధి చివర తొంభైకి దగ్గరపడిన తాత ఒకాయన ఉండేవాడు. "మొన్నటిదీ ఒక తోకచుక్కేనంట్రా? నా చిన్నప్పుడు సంక్రాంతి పోయిన వెంటనే పడమట వచ్చింది చూడాలి, పొద్దు గుంకకముందే కనపడింది" అనేవాడు. పిల్లలందరం నోళ్లు వెళ్లబెట్టి వినేవాళ్లం. పెద్దయ్యాక తెలిసిందేమంటే, 1910 జనవరిలో హేలీకన్నా ముందు ఇంకో పెద్ద తోకచుక్క చెప్పాపెట్టకుండా వచ్చి పట్టపగలే కనిపించింది. హేలీ మేలో వచ్చింది. తాత చూసింది ఆ మొదటిది. ప్రపంచమంతటా ఆ ఏడాది చూసినవాళ్లలో చాలామంది రెండింటినీ కలిపేసుకున్నారు. గురజాడ 'ముత్యాల సరములు' రాసిందీ ఆ 1910లోనే. తోకచుక్క అనగానే జనం పడే భయాన్ని ఆ గేయంలో ఆయన పక్కకు నెట్టేశారని మా సైన్సు మాస్టారు తెలుగు మాస్టారి కన్నా ఎక్కువ ఉత్సాహంగా చెప్పేవారు.

ఏప్రిల్ 10 ఉగాది. అక్షయ నామ సంవత్సరం. తోకచుక్క భూమికి అన్నిటికన్నా దగ్గరగా, 6 కోట్ల 30 లక్షల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. ముందురోజు అమావాస్య కాబట్టి వెన్నెల బెడద లేదు. సాయంత్రం గుళ్లో పంచాంగ శ్రవణం. కందాయ ఫలాలు, ఆదాయ వ్యయాలు అయ్యాక ఎవరో అడగనే అడిగారు, "పంతులుగారూ, తోకచుక్క వచ్చింది గదా, అరిష్టమేమన్నా ఉందా?" అని. ఆయన పంచాంగం మూస్తూ "శాస్త్రంలో తోకచుక్క అరిష్టం రాజుకయ్యా. నువ్వు రాజువా?" అన్నాడు. గుడంతా నవ్వింది. అడిగినాయన కూడా నవ్వాడు గాని, ఆ ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటి పొంగినప్పుడు "నేను అప్పుడే అడిగానా లేదా?" అని వీధి వీధీ తిరిగాడు. తోకచుక్క లేని ఏళ్లలో వచ్చిన వరదల సంగతి ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి మా పెరట్లో చేరినవాళ్లు ఒక జట్టు కాదు. మాస్టారు, మామయ్య, చీరాలలో స్టూడియో పెట్టుకున్న బాబాయి, ఇరుగుపొరుగు పిల్లలం, కొడుకులు లేపినా లేపకపోయినా వచ్చి కూచున్న తాత. మా పెరడే ఎందుకంటే, దక్షిణాన గోడ పొట్టిది, ఆవల వేరుశనగ చేను, దాని తర్వాత తోట. కొట్టొచ్చే దీపం ఒక్కటీ లేదు. ఉన్న వీధి దీపం కూడా కరెంటు కోత పుణ్యాన తొమ్మిదింటికి ఆరిపోయింది. కరెంటు పోతే సంతోషించిన మనుషుల్ని నేను చూసింది ఆ రాత్రే.

మాస్టారి టెలిస్కోప్ ఆయన చేతి పనే. చీరాల కళ్లద్దాల షాపులో కొన్న ప్లస్ వన్ పవర్ అద్దం ముందు. దాని నాభ్యంతరం సరిగ్గా మీటరు కాబట్టి మీటరు పొడవు అట్ట గొట్టం, లోపలంతా మసి పూత. వెనక మైక్రోస్కోపు కటకం. ముందు అద్దానికి నల్ల కాగితం అంటించి నడుమ చిన్న రంధ్రం మాత్రం వదిలారు. అద్దమంతా తెరిచి ఉంచితే ప్రతి చుక్క చుట్టూ ఊదా, ఎరుపు అంచులు కడతాయి. ఒంటి అద్దం అన్ని రంగుల్నీ ఒకేచోట చేర్చలేదు, అందుకని. వెలుతురు తగ్గినా బొమ్మ కుదురుగా ఉంటుంది. దాన్ని కట్టిన స్టాండు మా పాత ఆసు చట్రం. గాలి తగిలితే శనిగ్రహం ఊగేది.

చీకటి పడ్డాక తోకచుక్క రావడానికి చాలా సమయం ఉంది. ఆ ఖాళీలో ఆకాశం నాయనమ్మది. పడమట దిగిపోతున్న మూడు చుక్కలు ఆమెకు గొల్లకావడి. ఈశాన్యంగా ఉన్న సప్తర్షుల్లో నాలుగు ముసలమ్మ మంచం కోళ్లు, వెనక మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు. "మరి అరుంధతి?" అంటే, నడిమి దొంగ పక్కన నక్కి ఉందని చూపించింది. పెళ్లిలో పంతులు పట్టపగలు చూపిస్తే తల ఊపడమే గాని నిజంగా చూసింది మాత్రం పెరట్లోనేనని కూడా అంది. మాస్టారు ఓరియన్ అనీ, ఉర్సా మేజర్ అనీ చెప్పబోయి, ఆమె ముందు ఆగిపోయారు. ఆగడం మంచిదైంది. ఆ మంచమూ దొంగలూ లేకపోతే ధ్రువుణ్ణి వెతకడం మాకెవరికీ గుర్తుండేది కాదు.

ధ్రువుడు మాకు మరీ కింద. మన ఊరి అక్షాంశం ఎంతో ధ్రువుడు దిగంతానికి అంత ఎత్తున ఉంటాడు. వేటపాలెం 16 డిగ్రీలకు కాస్త తక్కువ. పెరట్లో నిలబడి ఇంటివైపు తిరిగితే మా పెంకుటింటి కొప్పు మీద ఆనుకున్నట్టే ఉండేవాడు.

స్టూడియో బాబాయి తెచ్చింది యాషికా, పైనుంచి కిందికి తొంగిచూసే రెండు లెన్సుల కెమెరా. ఆ రోజుల్లో మన ఊళ్ల పెళ్లిళ్లన్నీ దానిలోనుంచే ఆల్బముల్లోకి పోయేవి. 120 రోలు, పన్నెండు ఫోటోలు. రోలులో కొన్ని అప్పటికే ఎవరి బారసాలకో ఖర్చయ్యాయి. "మిగిలినవి తోకచుక్కకి" అన్నాడు.

ముందు ఇంటి కొప్పు వైపు పెట్టాడు. షట్టర్ బి మీద ఉంచి, కేబుల్ నొక్కి మరను బిగించి వదిలేశాడు. గంటసేపు తెరిచి ఉంచాలన్నారు మాస్టారు. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది, గంటకు పదిహేను. చుక్కలన్నీ ధ్రువుడి చుట్టూ గీతలవుతాయి. "ఎవరూ లైటు వెయ్యొద్దు, అటు పోవద్దు" అని అందరికీ చెప్పారు, వంటింట్లో ఉన్న నాయనమ్మకు తప్ప. అరగంట గడిచిందో లేదో, ఆమె ఒక చేత్తో బొబ్బట్ల పళ్లెం, ఇంకో చేత్తో లాంతరు పట్టుకుని ఆ గుమ్మంలోంచే వచ్చింది. బాబాయి "అయ్యో పిన్నీ!" అని అరిచాడు. ఆమె కంగారుపడి లాంతరు అటూ ఇటూ ఊపింది. "పెళ్లి ఫోటోలు తీసే డబ్బాకి చుక్కల ఫోటోలు ఎందుకబ్బాయ్? ముందు తినండి" అంది. తిన్నాం. షట్టర్ మాత్రం మాస్టారు మూయనివ్వలేదు.

పదిన్నర దాటాక ఆగ్నేయంలో అనురాధ, జ్యేష్ఠ చుక్కల దగ్గర శని పైకొచ్చాడు. అట్ట గొట్టంలో వలయం వలయంగా తెలియలేదు, గ్రహం పొడుగ్గా సాగినట్టు మాత్రం కనపడింది. గెలీలియోకు కూడా తన టెలిస్కోపులో అదేమిటో అంతుపట్టలేదని మాస్టారు ఓదార్చారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. పుస్తకంలో ఉన్నది పెరట్లో ఉంది, చాలు. దక్షిణాన తాటిచెట్ల తలల మీద త్రిశంకు నిలబడ్డాడు. ఢిల్లీ వాళ్లకు ఆ నాలుగు చుక్కల్లో కింది చుక్క ఎప్పటికీ పైకి రాదని చెప్పగానే పిల్లలందరికీ గర్వం పుట్టుకొచ్చింది. ఇంకా పెద్ద మాట తర్వాత చెప్పారు: ఆ వారం లండన్‌లో హేలీ అసలు ఉదయించనే లేదు. హేలీ పుట్టిపెరిగిన ఊరికి దక్కనిది మాకు దక్కింది.

అర్ధరాత్రి దగ్గరపడుతుంటే త్రిశంకుకు ఎడమగా, కాస్త ఎగువన, గుండ్రటి మసక ఒకటి తేలింది. తోక లేదు. మార్చిలో తెల్లవారుజామున ఏటవాలుగా కనిపించింది ఇప్పుడు ముద్దలా ఉంది. తోక ఎప్పుడూ సూర్యుడికి వ్యతిరేక దిక్కునే చాస్తుంది, ఆ రోజుల్లో అది ఇంచుమించు మననుంచి అవతలికి, తోకచుక్క వెనకాలకే చాచి ఉండటంతో పొడవు తెలియలేదు. తాత "ఇదా?" అని ఒక్క మాటని దుప్పటి కప్పుకున్నాడు. పిల్లల్లో కొందరు నిద్రపోయారు. నాకు మాత్రం ఆ ముద్ద నచ్చింది. టెలిస్కోపులో పెడితే నడిమిన చిక్కగా, అంచులకు పోనుపోనూ పలచగా, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టుగా ఉంది. చుక్కకు అంచుంది, దీనికి లేదు.

బాబాయి లెన్సు పూర్తిగా తెరిచాడు. "ఎంతసేపు మాస్టారూ?" "ఇరవై లెక్కపెట్టు. ఎక్కువైతే చుక్కలు సాగుతాయి." అందరం గొంతు కలిపి లెక్కపెట్టాం. మళ్లీ నలభై, మళ్లీ రెండు నిమిషాలు. ఎంతసేపు తెరిస్తే అంత వెలుతురు పడుతుందని అనుకుంటాం గాని, ఫిలిం అట్లా లొంగదు. సెకన్లు పెరిగేకొద్దీ అది మొద్దుబారుతుంది, రెట్టింపు సమయానికి రెట్టింపు ఫలితం రాదు. సముద్రపు గాలికి లెన్సు మీద చెమ్మ పట్టింది. పంచె కొంగుతో తుడుస్తూ, మధ్యమధ్య మూత పెడుతూ రోలు పూర్తిచేశాం.

తర్వాతి ఆదివారం మామయ్య సైకిలు మీద చీరాల వెళ్లాం. ఆ ఫిలిం ఎర్ర దీపం కూడా తట్టుకోదు, అందుకని కటిక చీకట్లో, ట్రేలో ఫిలింను రెండు చేతుల్తో ఎత్తి దించుతూ బాబాయి కడిగాడు. బయట బెంచీ మీద కూచుని నేను ఆ నీళ్ల చప్పుడు విన్నాను. నెగెటివ్ ఆరాక చూస్తే ఒక గళ్లో ఉయ్యాల్లో పసిబిడ్డ, పక్క గళ్లో హేలీ.

ప్రింట్లు రెండు రోజుల తర్వాత వచ్చాయి. తోకచుక్క ఫోటోలో తోకచుక్క ఉంది, చుక్కలు లేవు! స్టూడియోలో టచింగ్ చేసే కుర్రాడు, నెగెటివ్ మీద దుమ్ము పడి తెల్ల చుక్కలొచ్చాయని, సన్న కుంచెతో ఇంకు పెట్టి ఒక్కొక్కటే ఓపిగ్గా పూడ్చేశాడు. ఆ మసకను మాత్రం, ఎవరో వేలు పెట్టిన మరక, తనవల్ల కాదని వదిలేశాడట. బాబాయి తిట్టబోతే మాస్టారు ఆపి, "వాడికి పని బాగా వచ్చు, అందుకే చేశాడు" అన్నారు. మళ్లీ ప్రింటు వేస్తే చుక్కలు తిరిగొచ్చాయి. కాని మా ఇంట్లో అద్దం కట్టించుకున్నది అది కాదు, కొప్పు మీది ఫోటో. పైన ధ్రువుడి చుట్టూ వంపు గీతలు, కింద గుమ్మంలోంచి పెరట్లోకి మెలికలు తిరిగిన తెల్లటి లాంతరు దారి. నాయనమ్మ కనపడదు, ఆమె నడక కనపడుతుంది. ఆ ఫోటో తన వల్లే బాగా వచ్చిందని ఆమె చివరిదాకా చెప్పుకుంది. ఆమె మాటే నిజమని నా తీర్పు.

ఇళ్ల దగ్గర ఆకాశం చూసే అలవాటు మనవాళ్లకు కొత్త కాదని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో తన ఇంటి ఆవరణలోనే వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని పరిశీలించాడు. హైదరాబాదులో నిజామియా వేధశాల వాళ్లు గాజు పలకల మీద చుక్కల ఫోటోలు తీసి, ఒక్కొక్కదాని చోటూ కొలిచి, ప్రపంచ దేశాలు కలిసి తయారుచేస్తున్న నక్షత్ర పట్టికకు తమ వంతు ఇచ్చారు. అక్కడ పనిచేసిన ఒకాయన కొడుకే వేణు బాపు. 1949లో కనిపెట్టిన తోకచుక్కల్లో ఒకదానికి ఆయన పేరుంది. కావలూరులోని పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరు పెట్టింది మా హేలీ ఏడాది జనవరిలోనే. వీటిలో ఒక్క ముక్కా మా పాఠ్యపుస్తకాల్లో లేదు. ఉండి ఉంటే పెరట్లో అట్ట గొట్టం పెట్టుకున్న మాస్టారిని చూసి ఊళ్లో కొందరు నవ్వేవాళ్లు కారు.

ఇప్పుడు ఆ తీరం వెంట రొయ్యల చెరువుల దీపాలు, రామాపురం బీచిలో రిసార్టుల దీపాలు. మా చేను వైపు దక్షిణాకాశం తెల్లగా ఉంటుంది. అయినా పోయినేడు మా అన్నయ్య కొడుకు అదే గోడ మీద ఫోను ఆనించి రాత్రి మోడ్‌లో తీసిన ఫోటోలో, యాషికాలో పడినదానికన్నా ఎక్కువ చుక్కలు పడ్డాయి. ఫోను చిన్న చిన్న ఫోటోలు వరసగా తీసి, చుక్కల్ని ఒకదానిమీద ఒకటి సర్ది కలుపుతుంది. మేము నలభై లెక్కపెట్టి సాధించలేనిది అది నిమిషంలో చేసేస్తుంది. బాగుంది. పెరటి దీపం ఆర్పితే ఇంకా బాగుంటుందని వాడికి చెప్పాను, ఆర్పాడు.

హేలీ 2023 డిసెంబరులో తన దారిలో సూర్యుడికి అన్నిటికన్నా దూరపు కొసను చుట్టి వెనక్కి తిరిగింది. 2061 జులైకి వస్తుంది. అప్పటికి నాకు ఎనభయ్యారు. అంతదాకా ఆగలేనివాళ్లకు ఒక మాట: అది దారిపొడుగునా రాల్చుకుంటూ పోయిన దుమ్ములోంచి భూమి ఏటా రెండుసార్లు సాగిపోతుంది. అక్టోబరు 21 అటూ ఇటుగా ఒకసారి, మే మొదటి వారంలో ఒకసారి. మే 5, 6 తేదీల్లో తెల్లవారుజామున నాలుగింటికి పెరట్లో లైట్లన్నీ ఆర్పి, పడక కుర్చీ తూర్పుకు తిప్పుకుని కూచోండి. చంద్రుడు లేకపోతే మరీ మంచిది. టెలిస్కోపు అక్కర్లేదు. రాలే చుక్కల్లో చాలావరకు హేలీవే.